కంచరగాడిద పాఠం

ఈ సంగతి రాయకుండా ఊరుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. కానీ మా వాడకట్టులో పెరిగిన పిల్లలు, అంటే ఇప్పుడు మనవలను ఎత్తుకుంటున్న పిల్లలు, తమ చిన్ననాటి ముచ్చట్లన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. అందులో ఒకామె నా మీద రెండు పేజీలు రాసింది. అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూడమని ఫోనులో పంపింది. నాకు కళ్లు సరిగా ఆనక మనవరాలిని చదవమన్నాను. అది ఇంటిల్లిపాదికీ వినపడేలా గొంతెత్తి చదివింది. ఆదివారాలు నేను చెప్పిన పాఠాలు, సుద్దముక్కతో గచ్చు మీద వేసిన బొమ్మలు, అన్నీ ఉన్నాయి. చివర్లో, పిల్లలు నన్ను పిలిచే పేరుతో, "లైబ్రరీ కాక కంచరగాడిద గురించి చెప్పిన రోజే మాకు సైన్సు అంటే ఏమిటో తెలిసింది" అని ఉంది. ఇంట్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మంచినీళ్లు అడిగి తాగాను. ఆ మాట అచ్చులోకి వెళితే నా వెనక ఎవరు చదివినా అదే నిజమనుకుంటారు. ఆ పాఠం పిల్లలందరికీ గుర్తే. పాఠం అయిపోయాక జరిగింది మాత్రం ఇద్దరికే తెలుసు. వారిలో ఒకరు ఇప్పుడు లేరు. అందుకని మిగతా సగం నేను రాసి ఆ రెండు పేజీల పక్కన పెట్టమని అడుగుతున్నాను.

అప్పుడు డెబ్బైల చివర. నాకు ఇరవై నాలుగేళ్లు. లెక్కల్లో రెండుసార్లు తప్పి పదో తరగతికి దండం పెట్టి, హనుమకొండలో మా అన్న కిరాణా దుకాణంలో కూర్చున్నాను. పప్పులు జోకడం, బెల్లం దిమ్మ పగలగొట్టడం, చాయపత్త పొట్లాలు కట్టడం నా పని. సాయంత్రం అయిదు కాగానే కాళ్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని, జేబుకు పెన్ను తగిలించుకుని లైబ్రరీకి నడిచేవాణ్ణి. అక్కడ ఒక మూల కుర్చీ నాదే అన్నట్టుండేది. ఎవరైనా తెలియక కూర్చుంటే పక్కన నిలబడి దగ్గేవాణ్ణి. చదువుకున్నవాళ్లకు సర్టిఫికెట్లు ఉంటాయి. నాకు కార్డు ఉండేది. దాన్ని మడత పడకుండా సైకిల్ లైసెన్సుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. మా అన్న గిరాకీల ముందే అనేవాడు: "మావోడు తూకం రాయి యాడ వెట్టిండో మర్సిపోతడు గని, జిరాఫీ మెడ ఎన్ని గజాలో మర్సిపోడు." నేను దాన్ని మెప్పు కిందే జమ వేసుకునేవాణ్ణి.

ఇంట్లో నా చదువును నిజంగా గౌరవించింది మా వదిన ఒక్కతే. ఆమె నాలుగో తరగతి దాకే చదివింది. వాన ముందు మట్టి వాసన ఎందుకొస్తుంది, చంద్రుడు మనతో పాటు నడుస్తున్నట్టు ఎందుకుంటుంది, పచ్చిమిరప కంటే ఎండుమిరప ఘాటెందుకు, ఇట్లాంటివి అడిగేది. తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి కూడా చెప్పేవాణ్ణి. ఆమె పుట్టిల్లు నెక్కొండ. తండ్రి మావాళ్లే, దుకాణదారుడు. తల్లి కాపుల పిల్ల. ఇద్దరూ ఇష్టపడి చేసుకుని, రెండు వైపుల వాళ్లూ వెలి వేస్తే స్టేషను దగ్గర చిన్న కొట్టు పెట్టుకుని బతికారు. వాళ్ల బిడ్డను చేసుకోవడానికి ఎవరూ రాలేదు. మిరపకాయలు కొనడానికి వెళ్లిన మా అన్న ఆమెను చూసి, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని మా నాన్న ముందు మూడు రోజులు అన్నం మానేశాడు. నాలుగో రోజు మా నాన్న ఒప్పుకున్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు గానీ ఊరుకుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా వదినకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆమె ముందు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. శ్రీమంతాలకు పిలిచేవాళ్లు కూడా కాదు. వాడకట్టు పిల్లలంతా మాత్రం ఆమెను పెద్దమ్మ అంటూ మా ఇంట్లోనే తిరిగేవారు. ఆమె చేసే సర్వపిండికి ఉన్న పేరు నా పాఠాలకు ఉండేది కాదు. పిల్లలు ఆదివారం నా దగ్గరికి రావడానికి సగం కారణం ఆ సర్వపిండే అని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఆ ఏడు ఎండాకాలం ముందు, మా వీధి చివర ఇటుక బట్టీ అతను ఎక్కణ్ణించో ఒక కొత్త జంతువును తెచ్చాడు. చెవులు గాడిదవి. ఒళ్లు గుర్రానిది. నడక మాత్రం పెన్షను తీసుకున్న హెడ్‌మాస్టరుది. రోజూ పొద్దున ఇటుకలు మోసుకుంటూ మా దుకాణం ముందు నుంచి పోయేది. పిల్లలు రెండు జట్లుగా చీలిపోయి, గుర్రమని కొందరు, గాడిదని కొందరు కొట్టుకునేదాకా వచ్చి చివరికి నా దగ్గరికి పంచాయితీకి వచ్చారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు అంతకంటే తెలియదు. "ఆదివారం చెప్త. శాన పెద్ద ముచ్చట అది, గిట్ల నిలవడి చెప్పేది గాదు" అన్నాను.

లైబ్రరీలో జంతువుల మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. దాన్ని ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని చూసుకోవాలి. కాబట్టి నా పద్ధతి ఏమిటంటే, కావలసిన పేజీని రూళ్ల నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చి ఆదివారం పిల్లల ముందు చదవడం. మాట పొల్లు పోకుండా రాసుకునేవాణ్ణి, అచ్చక్షరాల్లాగా గుండ్రంగా. ఆ శనివారం దుకాణంలో గిరాకీ ఎక్కువై ఆలస్యంగా వెళ్లాను. ఆ జంతువు పేరు కంచరగాడిద అని, తండ్రి గాడిద, తల్లి గుర్రం అని, తిరగేసి తండ్రి గుర్రం, తల్లి గాడిద అయితే పుట్టేది కాస్త చిన్నదని, దూరదేశాల జంతుశాలల్లో సింహానికీ పులికీ కూడా పిల్లలు పుట్టాయని రాసుకుంటూ పోయాను. పేజీ చివర, రెండు వేరు వేరు రకాల జంతువులకు పుట్టిన ఇలాంటి వాటికి సాధారణంగా సంతానం కలగదని ఉంది. దాని పక్కనే, ఆ పేజీలో ఆఖరి మాట "అయితే". అక్కడికి అటెండరు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పి చూసే తీరిక కూడా ఇవ్వలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అడిగితే ఆగేవాడే, మంచివాడు. నాకే చాలనిపించింది. నోటుబుక్కులో ఆ "అయితే"ను రాయలేదు. వాక్యం లేని మాట ఒంటరిగా నిలబడితే బాగుండదని వదిలేశాను.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక పదిహేను మంది దాకా వచ్చారు. గచ్చు మీద గుర్రాన్ని, గాడిదను, మధ్యలో కంచరగాడిదను గీశాను. అది తల్లి నుంచి ఏం తీసుకుందో, తండ్రి నుంచి ఏం తీసుకుందో బాణాలు వేసి చూపాను. తల్లి నుంచి ఎత్తు, తండ్రి నుంచి చెవులు, ఓపిక. సింహానికీ పులికీ పుట్టినదాన్ని నేనే కళ్లారా చూసి వచ్చినట్టు చెప్పాను. దానికి పులి గీతలు గీసి, సింహం జూలు కూడా పెట్టాను. వదిన గడప దగ్గర చేటలో పెసర్లు చెరుగుతూ కూర్చుని వింటోంది. వినేవాళ్లు ఉంటే నాకు గొంతు పెరుగుతుంది. "ఇగ వినుండ్రి, అసలు ముచ్చట" అని, కంచరగాడిదకు పిల్లలు పుట్టవని, ఎందుకంటే దాని తల్లిదీ తండ్రిదీ ఒక తీరు కాదని, కలవకూడనివి కలిస్తే ప్రకృతి అక్కడితో ఆపేస్తుందని చెప్పాను. కలవకూడనివి అన్న మాట పుస్తకంలో లేదు. ప్రకృతి ఆపేస్తుందన్నదీ లేదు. అవి నా సొంత కవిత్వం.

తొర్రూరులో అమ్మమ్మగారి ఊరున్న ఒక పిల్ల, పదేళ్లుంటాయేమో, చెయ్యెత్తింది. "కాకా, మా అమ్మమ్మోళ్ల ఆవుకు జెర్సీ సూది ఏయిచ్చిండ్రు. గా దూడ పెద్దగై మొన్న అదిగూడ ఈనింది. మరి గదెట్ల?" అంది. ఆ ప్రశ్నలోనే నేను రాసుకోని పేజీ మొత్తం ఉంది. పిల్లలంతా నా వైపు చూశారు. "సూది ముచ్చట వేరు, నడుమ నడుమ మాట్లాడకు" అన్నాను. ఆ పిల్ల చెయ్యి దించేసింది. అందరూ సర్వపిండి తిని వెళ్లారు.

నేను సుద్ద బొమ్మల మీద నీళ్లు చల్లుతుంటే వదిన చేట పక్కన పెట్టి లేచింది. తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత, ఏదో కూర సంగతి అడుగుతున్నట్టే అడిగింది.

"తమ్మీ, మనుషులల్ల గూడ గట్లనే ఉంటదా?"

ఆమె ఏమడుగుతోందో నాకు అర్థమైంది. అర్థం కాలేదని రాస్తే ఈ రాతకు అర్థం లేదు. ఆమె తల్లి ఒక కులం, తండ్రి ఒక కులం. కులం తప్పిన పెళ్లికి పుట్టింది గనకే కడుపు పండలేదని మా అమ్మ లోలోపల గొణిగే మాటకు పుస్తకం సాక్ష్యం ఉందా లేదా అని అడుగుతోంది. పుస్తకంలో మనుషుల మాటే లేదు, అంటే నేను చదివినంతలో లేదు. ఆ మాట చెబితే సరిపోయేది. కానీ పదిహేను మంది ముందు గొంతు పెంచి చెప్పిన పాఠం ఇంకా నా నోట్లోనే ఉంది.

"ఉండొచ్చు వదినా," అన్నాను. "పుస్తకంల అయితే గట్లనే రాసిండ్రు."

ఆమె తల ఊపి, చేట తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ బుధవారం అన్నా వదినా దవాఖానకు పోవాలి. ఎనిమిదేళ్ల తర్వాత మా అన్న సిగ్గు విడిచి, తెలిసినవాళ్లను పట్టుకుని, ఒక లేడీ డాక్టరును అడిగి వచ్చాడు. ఇద్దరికీ పరీక్షలు చేస్తాం, రమ్మని ఆమె చెప్పింది. మా అన్న ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని దుకాణం నాకు అప్పజెప్పి లోపలికి వెళ్లాడు. లోపల నుంచి మాటలు వినిపించాయి. ఆమె రానంటోంది. ఎందుకని ఆయన అడుగుతున్నాడు. ఆమె చెప్పడం లేదు. "ఏం పనిలేదు. పుట్టుకల్నే లేనిది దవాఖానల యాడ దొరుకుతది?" అన్న మాట ఒక్కటే నాకు స్పష్టంగా వినిపించింది. నేను అప్పుడు ఎవరికో కందిపప్పు జోకుతున్నాను. ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. నేను పొట్లం కట్టి ఇచ్చాను. లేచి లోపలికి వెళ్లి, అది పుస్తకంలో లేదు వదినా, నేనే కలిపి చెప్పాను అనడానికి పది అడుగులు నడవాలి. నడవలేదు. మా అన్న బయటికి వచ్చి, తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. పోయినా పిల్లలు పుట్టేవారో లేదో నాకు తెలియదు. పోకుండా ఆపింది ఎవరో మాత్రం తెలుసు.

ఇంకొకటి కూడా జరిగింది. వదిన తల్లి నెలకోసారి నెక్కొండ నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేది, గంపలో చింతపండో, కొత్త మిరపకాయలో పెట్టుకుని. వచ్చిందంటే తల్లీబిడ్డలిద్దరూ వంటింట్లో కూర్చుని చీకటి పడేదాకా ముచ్చట్లే. ఆ పాఠం తర్వాత వచ్చినప్పుడు వదిన ఆమెకు అన్నం పెట్టింది, నీళ్లు ఇచ్చింది, పక్కన కూర్చోలేదు. ఆ ముసలమ్మ నన్ను పిలిచి, "బిడ్డె మొకం అదో తీరున్నది, ఏమన్న ఫికర్ పెట్టుకున్నదా అయ్యా?" అని అడిగింది. "ఏం లేదత్తా" అన్నాను. ఆమె రాక మెల్లగా రెండు నెలలకొకసారి, తర్వాత పండుగలకు అయింది.

మళ్లీ లైబ్రరీకి వెళ్లి ఆ పేజీ తిప్పి చూద్దామంటే పుస్తకం బైండింగుకు పోయింది. అయిదారు నెలలకు కొత్త అట్టతో వచ్చింది. నిలబడే చదివాను. ఒకే రకం జంతువుల్లో రంగు, ఎత్తు, ఊరు వేరైనంత మాత్రాన పై మాట వర్తించదని, నాటు ఆవుకూ సీమ ఎద్దుకూ పుట్టిన దూడ మామూలుగానే ఈనుతుందని ఉంది. తొర్రూరు పిల్ల చెప్పిందే. దాని కింద ఇంకొక్క వాక్యం: భూమి మీద మనుషులంతా ఒకే రకమని, ఏ మూల వాళ్లు ఏ మూల వాళ్లను చేసుకున్నా వాళ్ల సంతతికి దీనివల్ల ఏ లోటూ రాదని. మూల కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చి చెప్పానా? లేదు. ఒక ఉపాయం చేశాను. ఆదివారం పిల్లలకు ఆ వాక్యాన్ని రెండుసార్లు, ఇంట్లోకి వినపడేలా చదివాను. వదిన అప్పుడు పెరట్లో బోరింగు కొడుతోందని నాకు తెలుసు. బోరింగు చప్పుడులో ఏమీ వినపడదనీ తెలుసు. అయినా చెప్పేశానని మనసుకు సర్దిచెప్పుకున్నాను. కొన్నాళ్లకు ఆమె వినే ఉంటుందని నమ్మడం కూడా మొదలుపెట్టాను. నాకు పెళ్లయింది. బిడ్డ పుట్టింది. నా భార్యకు కాన్పు చేయించి, బిడ్డకు నలుగు పెట్టి, ఉగ్గు పోసి పెంచింది వదినే. ఆమె చేతుల్లో నా బిడ్డను చూసిన ప్రతిసారీ ఇప్పుడు చెప్పాలనుకునేవాణ్ణి. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు ఎందుకులే అనుకునేవాణ్ణి. విచారంగా ఉన్నప్పుడేమో, ఇప్పుడు అసలే వద్దనుకునేవాణ్ణి.

పాఠం జరిగిన పదకొండేళ్లకు, వదిన తల్లి సంవత్సరీకానికి నెక్కొండ వెళ్లాం. మా అన్నకు ఒంట్లో బాగాలేక నన్ను తోడు పంపాడు. తిరుగు ప్రయాణంలో బండి గంటన్నర లేటు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఎదుట పట్టాల అవతల ఆమె పుట్టి పెరిగిన కొట్టు కనిపిస్తోంది, వేరేవాళ్ల బోర్డుతో. ఆమె దాని వైపే చూస్తూ చెప్పింది, తల్లి మంచాన పడ్డప్పుడు వచ్చి అన్నీ చేసింది గానీ మనసు విప్పి ఒక్క మాట మాట్లాడలేదట. "మా అమ్మ మీద నాకు కోపముండె తమ్మీ. ఎవల్ని జేసుకున్నదో చేసుకున్నది, గా పాపం నా కడుపుకు తగిలిందని. నీకు ఎర్కేగద" అంది. నాకు ఎరుకే కదా అని ఆమె అన్న తీరులో నిష్ఠూరం లేదు. చదువుకున్నవాణ్ణి సాక్షికి పిలుస్తోంది, అంతే.

అప్పుడు చెప్పాను. పేజీ సగమే రాసుకొచ్చానని, మనుషుల సంగతి అందులో లేదని, తర్వాత చదివితే తిరగేసి ఉందని, చదివి పదేళ్లు దాటిందని. అన్నీ నేల చూస్తూ చెప్పాను. ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. బండి వస్తోందని గంట కొట్టారు.

"పిల్లలు గాకపోతే గాకపాయె," అంది చివరికి. "మా అమ్మ బతికున్నప్పుడన్న చెప్తే అయిపోతుండె గదా తమ్మీ."

బండి ఎక్కాం. వరంగల్ వచ్చేదాకా ఆమె కిటికీ లోంచి చూస్తూనే ఉంది. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, అందరికీ అన్నం వడ్డించింది. నాకూ ఎప్పటిలాగే ముందు పచ్చడి, తర్వాత పప్పు. నన్ను ఒక్క మాట అనలేదు. మా అన్నతో చెప్పలేదు, తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. అయితే ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె నన్ను మళ్లీ ఏ సంగతీ ఎందుకని అడగలేదు. ఏదైనా తెలియకపోతే నా బిడ్డను అడిగేది.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు దండం పెట్టుకోవాలి. ఇంతసేపూ అందరినీ చుట్టరికంతోనే చెప్పుకొచ్చాను. ఇక్కడ పేర్లు రాస్తాను. తొర్రూరు ఆవు గురించి అడిగిన పిల్ల స్వరూప, నా మీద ఆ రెండు పేజీలు రాసిందీ తనే. తన ప్రశ్నను తను మరిచిపోయింది, నన్ను మాత్రం గుర్తుంచుకుంది. వణికే చేతి రాతను ఓపికగా మళ్లీ రాసిపెట్టిన మనవరాలు మేఘన. అన్నీ విన్నాక కూడా నాతో మాట్లాడుతున్న నా భార్య సుగుణ. మా అన్న సాంబయ్య, ఇది చదవడానికి లేడు. వదిన తల్లి లచ్చమ్మ, ఆమె నా దగ్గర ఒక జవాబు అడిగి ఉత్త చేతులతో వెళ్లింది. మా వదిన అనసూయ. ఆమె అడిగిన రోజుకూ నేను నిజం చెప్పిన రోజుకూ మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఆ పదకొండేళ్లలో ఒక్క ఆదివారం కూడా మానకుండా నేను పిల్లలకు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను.